గుడ్డ రెక్కల విమానం ఎగిరినన్ని రోజులు

ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే చదవడం మానేస్తారని తెలుసు కాబట్టి ఒట్టు కూడా వేస్తున్నాను. దేవుడి మీదా పిల్లల మీదా కాదు, వాళ్ళ మీద వెయ్యాల్సిన ఒట్లన్నీ ఎప్పుడో ఖర్చయిపోయాయి. నా ఎడమ ముంజేతిలో డాక్టర్లు రెండు నరాలు కలిపి కుట్టిన చోట ఎప్పుడూ తేనెటీగ రొదలాంటిది ఒకటి ఉంటుంది. అది ఆగిందంటే నా రక్తం కడిగే దారి మూసుకున్నట్టే. దాని మీద ఒట్టు.

మొన్న మా డయాలసిస్ గదిలో గోడ మీది టీవీలో ఏదో దేశపు విమానాల ప్రదర్శన వస్తోంది. కొత్త జెట్లన్నీ అరుచుకుంటూ వెళ్ళిపోయాక చివర్న ఒక ముసలి విమానం వచ్చింది. పైనొక రెక్క, కిందొక రెక్క, మధ్యలో తీగలు. దండెం మీద ఆరేసిన దుప్పటి గాలికి లేచి తనదారిన తాను పోతున్నట్టు పోతోంది. పాత పేషెంట్లం ఎవరం టీవీని చూడలేదు. అందరం కిటికీ పక్క కుర్చీ వంక చూశాం. అందులో ఎవరో కొత్తాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అది మా మాస్టర్‌సాబ్ కుర్చీ.

మాస్టరంటే బడిపంతులు కాదు. జహీరాబాద్ బజారులో షేర్వానీలు కుట్టిన దర్జీ. రెడీమేడ్ దుకాణాలు వచ్చి సగం పని పోయింది, మూత్రపిండాలు పోయి మిగతా సగం పోయింది. నేను గోదావరి జిల్లా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో స్టోర్స్ చూడ్డానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాణ్ణి. మా ఇద్దరి కుర్చీలూ పక్కపక్కన. వారానికి మూడుసార్లు, పొద్దున్నే. మొదటి రోజు ఆయన నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, పేరు అడక్కుండా, "నీ కుడిబుజం జర దిగి ఉన్నది. ఈ అంగీ కుట్టినోడు ఎవడో గని, నీ మీద కోపమున్నోడు" అన్నాడు. ఆ తర్వాత పేరు చెప్పినా పట్టించుకోలేదు. నేను ఆయనకు గోదారి సాబ్‌నే.

ఆయన జేబులో ఎప్పుడూ కొలతల టేపు ఉండేది. కుర్చీలో కూర్చోగానే ప్యాంటు పైకి మడిచి చీలమండ చుట్టూ టేపు పెట్టి, ఒంట్లో ఎంత నీరు చేరిందో సిస్టర్‌కు తనే చెప్పేవాడు. సిస్టర్ బరువు చూసే మిషను మీద ఎక్కమనేది. "మీ మిషన్ది మీకు, నా టేప్‌ది నాకు" అనేవాడు. నా సంగతైతే టేపు కూడా అక్కర్లేదు. మెడ వంక చూసి, "కాలర్ బిగుసుకున్నది. నిన్న రెండు చాయ్‌లు తాగినవ్ గద" అనేవాడు. నా భార్యకు కూడా పట్టుబడని దొంగతనం అది. మాకు నీళ్ళు కొలత మీద. రోజంతటికీ ఒక చెంబు కూడా కాదు. వేసవిలో ఈ ఊళ్ళో ఆ బతుకు ఎలా ఉంటుందో చెప్పను, చదువుతున్నవాళ్ళు లేచి వెళ్ళి నీళ్ళు తాగుతారు.

నేను కథలు చెప్పేవాణ్ణి. వరదలో కొట్టుకొచ్చిన దూడ మా పడవలోకి ఎక్కి చుక్కాని పట్టుకోవడం, పులస చేప మా తాతను పేరు పెట్టి పిలవడం, ఇలాంటివి. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. వింటూ వింటూ ఒకరోజు, "ఇంకొకటి చెప్పు. గాని నది సంగతి వద్దు. దాహమైతది" అన్నాడు. గోదావరివాడు నీళ్ళు లేకుండా కథ చెప్పాలంటే ఎంత కష్టమో ఆలోచించండి. ఆ వారం నుంచి నా కథలన్నీ కొండల మీదికి ఎక్కేశాయి.

మొదట్లో ఆయన సగంలోనే సూదులు తీసెయ్యమని గొడవ పెట్టేవాడు. "బట్టను ఎన్నిసార్లు ఉతుకుతరు? రంగు పోతది గద" అనేవాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు నిజంగానే పిండిన బట్టలా ఉండేవాడు. ఒక్కతే కూతురు, ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తండ్రి కుర్చీలోంచి లేవకుండా ఉండే ఉపాయం కోసం ఆ అమ్మాయి తన పాత లాప్‌టాప్‌లో ఒక యుద్ధం ఆట వేసి తెచ్చింది. పాత ప్రపంచయుద్ధం నాటి ఆట. దీవులు, ఓడలు, విమానాలు. ఏవి ఎన్ని తయారు చెయ్యాలో, ఎక్కడికి పంపాలో ఆడేవాడే నిర్ణయించాలి.

మాస్టర్‌సాబ్‌కు ముందు నచ్చింది యుద్ధం కాదు, బట్టలు. ఆటలో కనిపించే ప్రతి సేనాధిపతినీ తెర ఆపి చూసేవాడు. "వీనికి చంకల కింద గుడ్డ ఎక్కువైంది. చెయ్యి ఎత్తలేడు. ఓడుతడు" అనేవాడు. ఓడిపోయేవాడు. "వీని దర్జీ పనిమంతుడు" అన్నవాడు గెలిచేవాడు. ఇది అబద్ధమనుకుంటే మా సిస్టర్‌ని అడగండి. ఆమె తన చెల్లెలి పెళ్ళి సంబంధం ఫోటో తెచ్చి పెళ్ళికొడుకు కోటు చూపించింది కూడా.

యుద్ధం మాత్రం రోజూ ఓడేవాడు. ఎడమచేతిలో సూదులు ఉంటాయి, కదపకూడదు. ఉన్నది కుడిచెయ్యొక్కటే. వేగంగా పోయే కొత్త విమానాలను ఒక్క చేత్తో నడపలేక కొండలకు కొట్టేసేవాడు. ఒకరోజు చిరాకు పుట్టి, విమానాల పట్టికలో అడుగుకు, ఎవరూ దిగని చోటికి దిగాడు. అక్కడ ఈ రెండు రెక్కల ముసలిది ఉంది. దాని పక్కన ఏదో ఇంగ్లీషులో రాసి ఉంది. కూతుర్ని చదవమన్నాడు. చెక్క చట్రం మీద గుడ్డ బిగించి, కుట్టి, పైన రంగు పూసి చేసిన విమానం అని చదివింది.

"బట్టతోటి చేసిన్రా?" అని అడిగి, మాస్టర్‌సాబ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "అంటే దీన్ని ఎవరో దర్జీ కుట్టిండు."

ఆ రోజు నుంచి ఆయన వేరే విమానం ముట్టుకోలేదు. తర్వాత జరిగినదానికి నేనే సాక్షిని.

ఆ ఆటలో ప్రతి విమానానికీ బలం ఇంత అని ఒక అంకె ఉంటుంది. ఎదుటివైపు కాపలా వ్యవస్థ ఆ అంకెలు చూసి, వస్తున్న ముప్పు ఎంతో లెక్క కట్టి, అడ్డుకోవడానికి ఎన్ని విమానాలు లేపాలో నిర్ణయిస్తుంది. గుడ్డ విమానం అంకె ఎంత చిన్నదంటే, అది గుంపుగా వస్తున్నా కాపలావాడు కళ్ళు తెరవడు. ఒకవేళ తెరిచి కొత్త విమానాలను పంపినా, అవి వేగం ఆపుకోలేక దీన్ని దాటి వెళ్ళిపోతాయి. ఓడల మీది తుపాకులు ఇంత మెల్లగా వచ్చేది ఒకటి ఉంటుందని అనుకోక, దాని ముందున్న ఖాళీ గాలిని కాలుస్తాయి. గుండు తగిలినా గుడ్డకు ఒక చిల్లు, అంతే. ఇటు నుంచి అటు పోతుంది. మాస్టర్‌సాబ్ వేలిచివర నాలుకతో తడుపుకుని, సూదిలోకి దారం ఎక్కించే ముందు చేసినట్టు, ఒక్కొక్క మీట మెల్లగా నొక్కేవాడు. ఆ నెమ్మదికి తగిన విమానం అదొక్కటే.

ఒకనాడు మధ్యాహ్నం కావొస్తుండగా ఆ గుడ్డ విమానాలు అలలను తాకుతూ వెళ్ళి, ఎదుటివాడి అతిపెద్ద యుద్ధనౌకను ముంచేశాయి. గదిలో అందరం లాప్‌టాప్ వైపే మెడలు సాచి ఉన్నాం. మాకు చప్పట్లు కొట్టే వీలు లేదు, ఒక చెయ్యి మిషనుది. అందుకని అందరం ఉన్న చేత్తో తొడలు చరుచుకున్నాం. సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "మాస్టర్‌సాబ్, లడాయి బంద్ చేయున్రి. బీపీ చూడున్రి ఎట్ల పెరిగిందో" అంది. ఆయన వినిపించుకునే స్థితిలో లేడు.

ఆ ముందు రోజే తండ్రీకూతుళ్ళకు ఇంట్లో గొడవైందట. ఇక దవాఖానకు రానని ఆయన మంచం దిగకుండా అడ్డం తిరిగాడట. ఆ అమ్మాయి బడి నుంచి నేరుగా వచ్చి, తొడలు చరుచుకుంటున్న మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. మాస్టర్‌సాబ్ ఆమెను దగ్గరకు పిలిచాడు.

"బేటీ, గీ జహాజ్ ఎగిరినన్ని దినాలు నేను వచ్చి గీ కుర్చీల కూసుంట. నువ్వు బతిమాలే పనిలేదు. ఇది పడ్డనాడు మాత్రం నన్ను లేపకు. గోదారి సాబ్ సాక్షి."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నా సాక్ష్యం విలువ ఈ ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి నవ్వింది కూడా. పైగా మాకిద్దరికీ ఆ షరతు చాలా బాగా నచ్చింది. ఆటలో విమానానికి తుప్పు పట్టదు, గుడ్డ చీకిపోదు. అంటే ఈయన ఇక మానడు, చిరంజీవి. ఆమె ఆ పూటే గది మొత్తానికి బిస్కెట్లు పంచింది, మేం తినకూడనివి.

అలా ఒక ఏడాది గడిచింది. గంట ముందే వచ్చి కూర్చునేవాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడివాళ్ళతోనో ఆడడం కూడా నేర్చుకున్నాడు. ఎదుటివాళ్ళు గుడ్డ విమానాలను చూసి మొదట నవ్వు బొమ్మలు పంపేవాళ్ళు. తర్వాత పంపేవాళ్ళు కాదు.

ఆయన యవ్వనంలో పాత బస్టాండు దగ్గర ఒక చాయ్ హోటల్లో క్యారమ్‌బోర్డు ఉండేదట. అక్కడొక కాయిదా. గెలిచినవాడు ఓడినవాడికి చాయ్ తాగించాలి. తాగుతుండగా, ఏ ఎత్తు వేసి గెలిచాడో బోర్డు మీద మళ్ళీ చేసి చూపించాలి. చూపించకుండా లేచిపోతే ఆ గెలుపు హలాల్ కాదు, మర్నాడు అతనితో ఎవరూ ఆడరు. మాస్టర్‌సాబ్ జీవితంలో చాలా వదులుకున్నాడు కానీ ఈ కాయిదాను వదల్లేదు.

ఒకనాడు మంచుదేశం వాడెవడో, ఆటలో పేరు మోసినవాడట, అందరికంటే కొత్త విమానాలతో వచ్చి ఈయన చేతిలో చిత్తుగా ఓడాడు. ఓడి, మర్యాదగా ఒక ముక్క రాశాడు. ఇది ఎలా చేశారు, చెప్తారా అని.

చెప్పొద్దని నేనన్నాను. చెప్పొద్దని కూతురూ అంది. ఆయన మా ఇద్దర్నీ వింతగా చూశాడు.

"ఓడినోడు అడిగిండు. చాయ్ తాపిద్దామంటె నడుమ సముద్రమున్నది. ఏ చాల్ ఏసి గెలిచిన్నో గూడ చెప్పకపోతె ఎట్ల? నేనేం దొంగనా?"

ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి ఇంగ్లీషులో టైపు చేసింది. కాపలావాడి లెక్క సంగతి, అలలకు ఎంత దగ్గరగా వెళ్ళాలో, తుపాకులు ఎక్కడ కాలుస్తాయో, ఏదీ దాచలేదు. చివర్న, నీ సేనాధిపతి కోటుకు భుజాలు వదులు, సరిచేయించు అని కూడా రాయించాడు.

ఆ మంచుదేశం వాడు అది తీసుకెళ్ళి ఆటగాళ్ళందరూ కూడే చోట పెట్టాడు. ఇక చూడండి. కొన్ని వారాలపాటు ప్రపంచంలో ఆ ఆట ఆడే ప్రతివాడూ గుడ్డ విమానాలే ఎగరేశాడు. కోట్లు పోసినా దొరకని విమానాలన్నీ షెడ్లలో పడి ఉన్నాయి, ఆకాశం నిండా దుప్పట్లు. ఆ ఎత్తుకు దర్జీ ఎత్తు అని పేరు కూడా పెట్టారట. కూతురు ఫోన్‌లో చూపిస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ వారం కుట్టుమిషను మీది గుడ్డ తీసి తనకొక చొక్కా కుట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత కుట్టిన చొక్కా. దాని కాలరు నిటారుగా నిలబడి ముందు నడిచేది, ఆయన వెనక వచ్చేవాడు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. ఆట చెడిపోయిందనీ, చింకి గుడ్డ చేతిలో ఉక్కు ఓడిపోవడం ఏం న్యాయమనీ. ఆట చేసేవాళ్ళు విన్నారు. ఒక ఉదయం లాప్‌టాప్ తెరిస్తే ఏదో కొత్త మార్పు దానంతటదే దిగింది. దాంతోపాటు వచ్చిన ప్రకటనను కూతురు లోగొంతుకలో చదివింది. పాత విమానాల బలం సరిచేశాం అని ఉంది.

"సరి చేసిన్రంట" అన్నాడు మాస్టర్‌సాబ్. లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుంటూ, "ఎవలికి సరి?" అన్నాడు.

కాపలావాడికి ఇప్పుడు గుడ్డ విమానం కనబడుతోంది. తుపాకులు నెమ్మదిగా వచ్చేదాన్ని కాల్చడం నేర్చుకున్నాయి. గుడ్డకు చిల్లు పడ్డం కాదు, నిప్పు అంటుకుంటోంది. ఆయన వేలు తడుపుకుని ఒక గుంపును లేపాడు. సముద్రం చేరకముందే అన్నీ కాలిపోయాయి. ఇంకో గుంపు. అవీ అంతే. మేమందరం మెడలు సాచే ఉన్నాం, ఎవరి చెయ్యీ తొడ మీదికి పోలేదు. సిస్టర్ వచ్చింది. లడాయి బంద్ చెయ్యమనడానికి కాదు. ఆయన బీపీ పడిపోతోంది.

పాత ఆటను తిరిగి తెప్పించాలని ఆ అమ్మాయి తెలిసిన దారులన్నీ వెతికింది. కొత్త మార్పు లేకుండా ఆట తెరుచుకోదు. పోనీ వేరే విమానం తీసుకొమ్మని బతిమాలింది.

"అవి నాతోని గావు, బేటీ. ఒక్క చెయ్యే ఉన్నది నాకు" అన్నాడు. ఆమె ఏడుస్తుంటే, "నువ్వు టైపు చేసినవని ఫికర్ పెట్టుకోకు. చెప్పింది నేను. మల్ల అడిగినా చెప్త" అన్నాడు.

నేను ఊరుకుంటానా. ఆ తర్వాతి డయాలసిస్ రోజుకు ఒక కథ తయారు చేసుకుని వెళ్ళాను. మా బావమరిది స్నేహితుడు ఆ ఆట చేసే కంపెనీలోనే పనిచేస్తాడనీ, రాత్రే మాట్లాడాననీ, ఆ మార్పు పొరపాటున జరిగిందనీ, వచ్చేనెలకల్లా గుడ్డ విమానాల పాత బలం వాటికి ఇచ్చేస్తున్నారనీ, అంతవరకు ఓపిక పట్టమన్నారనీ చెప్పాను. నా జన్మలో అంత జాగ్రత్తగా, అంత సాదాగా కథ అల్లలేదు. ఒక దూడ లేదు, చేప లేదు. మనుషులు నమ్మే కొలతకు కత్తిరించాను.

ఆయన అంతా విన్నాడు. కిటికీలోంచి బొంబాయి రోడ్డు మీది లారీలను చూస్తున్నవాడు నా మొహం వైపు తిరిగాడు.

"నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నవ్వుతవ్, గోదారి సాబ్" అన్నాడు. "ఇయ్యాల నవ్వలె."

తర్వాతిసారి మాస్టర్‌సాబ్ వచ్చాడు. ఆ కొత్త చొక్కానే వేసుకున్నాడు. సూదులు పెట్టించుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, వేలు తడుపుకున్నాడు. ఈసారి గుంపు కాదు, ఒకే ఒక్క విమానం లేపాడు. గాలి పడమటి నుంచి వీస్తోంది. విమానం పొద్దును వీపు మీద పెట్టుకుని, అలల నురగ రెక్కలకు తగిలేంత కిందుగా వెళ్ళింది. తుపాకులు కాల్చాయి. కింది రెక్కకు చిల్లు పడింది, నిప్పు రాలేదు. పైరెక్క అంచున గుడ్డ ఊడింది, కుట్టు నిలిచింది. ఎవరి మీదా ఏమీ వెయ్యకుండా అది ఆ ఓడలన్నిటి మధ్య నుంచీ మెల్లగా తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. గడ్డినేల మీద రెండు గెంతులు గెంతి ఆగింది.

నేను కల్పించింది ఇదే. ఈ చివరి విమానం. కాలరు సంగతి నిజం, సేనాధిపతుల కోట్లు నిజం, ఆకాశం నిండా దుప్పట్లు నిజం. మీరు అబద్ధమనుకున్నవన్నీ నిజాలే. ఆ రోజు మాస్టర్‌సాబ్ రాలేదు. సిస్టర్ రెండుసార్లు గుమ్మందాకా వెళ్ళి చూసి, మిషనును గోడవైపు తోసేసింది.

కూతురు వచ్చింది. నా సూదులు తీసేదాకా నిలబడి, "అంకుల్, అబ్బా రానంటున్నడు. మీరొక్కసారి జర చెప్తరా?" అంది. ఆటోలో వాళ్ళింటికి తీసుకెళ్ళింది. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళు బాగా ఉబ్బాయి. నేను కుర్చీ దగ్గరకు లాక్కుని, రేపు మీరు వస్తారు, వచ్చి ఇలా చేస్తారు అంటూ ఈ విమానం కథ మొదలుపెట్టాను. ఈసారి నవ్వుతూనే చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. గాలి ఎటుదని అడిగాడు. తూర్పు అన్నాను. "పడమటి నుంచి పెట్టు, దిగేటప్పుడు మంచిగుంటది" అన్నాడు. పడమటి నుంచి పెట్టాను. కుట్టు నిలిచిందా అని అడిగాడు. నిలిచిందన్నాను. సముద్రం కథ చెప్తున్నానని నాకు సగంలో గుర్తొచ్చింది. ఆయన వద్దనలేదు.

విమానం దిగింది. గుమ్మంలో ఆ అమ్మాయి చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుని నా వంకే చూస్తోంది. "అయితే రేపు వస్తున్నారు కదా?" అన్నాను.

"కథ మంచిగున్నది, గోదారి సాబ్" అన్నాడు. "గంతవరకే ఉంచు."

వారం తిరక్కముందే పోయాడు. నేను కూడా ఆ గడ్డినేల మీద విమానం ఆగిన చోటే ఆగుదామనుకున్నాను. ఒట్టు వేశాను కాబట్టి ఆగలేకపోయాను.